నలభై ఒకటో కాగితం

"సంతకం పెడితే ఏమైతది ఆంటీ?" అని అడిగింది సంహిత.

"దొంగతనం చేశానని నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది. యూనివర్సిటీ సస్పెండ్ చేస్తుంది. సస్పెండైతే ఎఫ్-వన్ స్టేటస్, అదే స్టూడెంట్ వీసా, పోతుంది. స్టేటస్ పోయాక సూట్‌కేసు సర్దుకోవడం తప్ప ఇంకేం మిగలదు."

"పెట్టకుంటే?"

"ఐదింటికి పోలీసుల్ని పిలుస్తారట."

ఆ అమ్మాయి తల దించుకుంది. అంతకుమించి ఒక్క మాట రాల్చలేదు. నాకు ఒళ్ళు మండింది. ఏడ్చేవాళ్ళని ఓదార్చగలను, అబద్ధాలాడేవాళ్ళని పట్టుకోగలను. నోరు విప్పని వాళ్ళతో నాకెప్పుడూ పడదు.

2010 అక్టోబర్ పంతొమ్మిది, మంగళవారం. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. యూనివర్సిటీ వాళ్ళ వెథర్‌బీ లైబ్రరీ రెండో అంతస్తులో కిటికీ లేని చిన్న మీటింగ్ రూమ్. సంహిత రూమ్‌మేట్ రేణు పొద్దున్నే ప్లెయిన్స్‌బరో నుంచి ఫోన్ చేసి ఏడిస్తే, పార్సిప్పనీ నుంచి గంటంపావు డ్రైవ్ చేసుకుని వచ్చాను. నా పేరు జ్ఞానప్రసూన. హైదరాబాద్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పన్నెండేళ్ళు దొంగ వీలునామాలూ దొంగ సంతకాలూ చూశాను. ఇప్పుడు న్యూజెర్సీలో ప్రైవేట్ డిటెక్టివ్‌ని. నా పేరు పూర్తిగా పలకగలిగిన అమెరికన్ ఇంతవరకూ నాకు తారసపడలేదు.

సంగతి ఇదీ. ఈ లైబ్రరీలో 1484లో అచ్చయిన ఒక పుస్తకం ఉంది. యూరప్‌లో అచ్చుయంత్రం అప్పుడప్పుడే ఊళ్ళకి చేరుతున్న కాలం. మన భాషలో చెప్పాలంటే అదొక పంచాంగం. ఈస్టర్ ఏ ఏడు ఏ తేదీన వస్తుందో లెక్కకట్టే పట్టికలు అందులో ఉంటాయి. బవేరియాలోని ఒక మఠంలో ఉన్న సన్యాసులు వాడుకున్న ప్రతి. రేపు మొదలయ్యే ఎగ్జిబిషన్‌లో పెట్టడానికని దాన్ని బయటికి తీశారు. నిన్న, అంటే సోమవారం పొద్దున, ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి వచ్చి తనిఖీ చేస్తే నలభై ఒకటో కాగితం అసలుది కాదని తేలింది. ఎవరో అసలుదాన్ని కుట్టు దగ్గర బ్లేడుతో కోసేసి, దాని స్థానంలో ప్రింటర్ మీద తీసిన నకలుని అతికించారు.

పోయిన బుధవారం ఆ పుస్తకాన్ని స్కాన్ చేసింది సంహిత. వారానికి ఇరవై గంటలు ఇక్కడి స్కానింగ్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆ గదిలోని కెమెరాలో సాయంత్రం నాలుగూ ముప్పై ఒకటికి ఆమె వీపు కనిపిస్తుంది. బ్యాగ్‌లోంచి ఏదో తీసింది. పుస్తకం మీదికి వంగింది. ఇరవై సెకన్ల తర్వాత లేచి చెయ్యి మొహం దగ్గరికి తీసుకెళ్ళింది. బ్యాగ్‌లోంచి ఏం తీశావని నిన్నట్నుంచి ఎంతమంది అడిగినా చెప్పడం లేదు.

"బ్యాగ్ ఇటివ్వు," అన్నాను.

"అందులో ఏం లేదు ఆంటీ."

"లేనప్పుడు ఇవ్వడానికి ఏం?"

ల్యాప్‌టాప్, పులిహోర అంటిన టిఫిన్ డబ్బా, రెండు పుస్తకాలు. ముందు జేబులో గుడిలో ఇచ్చే చిన్న కాగితం పొట్లం. విప్పకుండానే దాని మడతల్లో ఎర్రటి పొడి కనిపించింది. నేను కుర్చీలో వెనక్కి వాలాను. బుధవారం పదమూడో తారీకు. మా పక్కింటివాళ్ళు మనవడికి అక్షరాభ్యాసం చేయిస్తున్నామని గుడికి పిలిచిన రోజు.

"మూలా నక్షత్రం," అన్నాను. "సరస్వతీ పూజ. పొద్దున గుడికెళ్ళావు."

సంహిత కళ్ళు ఎత్తింది.

"ఆ పుస్తకానికి బొట్టు పెట్టావా?"

ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది పిల్లకి. నేను టిష్యూ పెట్టె జరిపి, వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. రెండు నిమిషాలు పట్టింది.

"చిన్న చుక్క ఆంటీ. కింద మూలకు. తప్పని తెల్సు. అసొంటి బుక్‌ను గ్లవ్స్ లేకుండ ముట్టుకుంటెనే ఊకోరు. బొట్టు పెట్టిన అని చెప్తే డ్యామేజ్ చేసినవంటరు, జాబ్ పోతది, రికార్డ్ల ఎక్కుతది."

"ఎవరన్నారు అలాగని?"

దానికి టిష్యూని ముక్కలుగా చింపడం మొదలుపెట్టింది. సరే, దాన్ని తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

"అయిదువందల కాగితాలు స్కాన్ చేసి ఉంటావు ఈ ఉద్యోగంలో. దీనికొక్కదానికే బొట్టు ఎందుకు?"

అప్పుడు మొదటిసారి ఆమె మొహంలో కాస్త వెలుగు కనిపించింది.

"ఆ పేజీ పక్కన ఖాళీల పెన్నుతోటి లెక్క చేసిండు ఆంటీ, ఆ మఠమాయన. 1487ల ఈస్టర్ ఎప్పుడు అని. ముందుగాల రోమన్ అంకెలతోటి చేసిండు. ఇంత పొడుగు, కొట్టివేతలు. దాని కిందనే మళ్ళ కొత్త అంకెలతోటి చేసిండు. మన అంకెలు. సున్నతోని. మన దేశంకెళ్ళి అరబ్బుల చేతులకు, ఆడికెళ్ళి వాళ్ళకు పోయినయి కద, అవి. నాలుగు వరుసల్ల అయిపోయింది. రెండిట్లనూ ఏప్రిల్ పదిహేనే వచ్చింది. కింద లాటిన్‌ల చిన్న మాట రాసిండు. గూగుల్‌ల చూసిన. 'రెండూ ఒక్కటే' అని."

నేను ఆ తేదీ నోట్ చేసుకున్నాను.

"ఆయన పరీక్ష పెట్టుకున్నడు ఆంటీ. కొత్తది నిజమా కాదా అని. ఎవ్వరూ చూడంగ, ఒక్కడే. నాకు ఏడుపొచ్చింది. బ్యాగ్‌ల కుంకుమ ఉండె. ఏమనుకున్ననో ఏమో, పెట్టేసిన. పెట్టి కళ్ళకద్దుకున్న."

కెమెరాలో మొహం దగ్గరికి వెళ్ళిన చెయ్యి సంగతి తేలింది. ఒక ముసలి సన్యాసి లెక్క చూసి ఖమ్మం నుంచి వచ్చిన ఈ పిల్లకి ఏడుపు రావడం నాకు వింతగా అనిపించలేదు, పైగా ఆమె మీద ప్రేమ పుట్టింది. అది ఆమెకి కనబడనివ్వలేదు. కేసులో ప్రేమ పుడితే కళ్ళు మసకబారతాయి.

"స్కాన్ ఎన్నింటికి చేశావు? బొట్టు ఎన్నింటికి?"

"స్కాన్ మూడూ అయిదుకు. ఫైల్ మీద టైమ్ పడ్తది. బొట్టు, అంత అయినంక, వాపస్ ఇచ్చే ముందు."

"అంటే స్కాన్‌లో బొట్టు లేదు."

"ఎట్లుంటది ఆంటీ?"

*

శ్యామ్‌సుందర్ వరండాలో నిలబడి కాఫీ తాగుతున్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు ఇన్వెస్టిగేటర్. హెర్న్‌డన్‌లో ఇల్లు, నలభై అయిదేళ్ళు, నలగని సూటు. మూడేళ్ళ క్రితం ఒక నగల కేసులో ఇద్దరం ఎదురెదురుగా పనిచేశాం. అప్పుడు నేను గెలిచాను. ఆ సంగతి నాకంటే అతనికే ఎక్కువ గుర్తుంది.

"ప్రసూన గారూ, వేస్ట్ ఆఫ్ టైమ్ అండి," అన్నాడు. "క్లీన్ కేసు. స్కాన్ చేసింది ఆ అమ్మాయి. ప్రింట్ తీసింది ఆ అమ్మాయి. పేజీ కోసింది కెమెరాలో ఉంది. తర్వాత సర్వర్‌లోంచి ఆ ఒక్క పేజీ స్కాన్ డిలీట్ చేసింది, ల్యాబ్ లాగిన్‌తో."

"ఆ లాగిన్ ఎంతమందిది?"

"ల్యాబ్ మొత్తానికీ ఒకటే."

"డిలీట్ అయింది ఎప్పుడు?"

"సాటర్డే, మూడూ ఇరవై."

"శనివారం ఆ అమ్మాయి ఈ బిల్డింగ్‌లో అడుగుపెట్టిందా? తలుపు దగ్గర కార్డు రికార్డు చూశారా?"

కాఫీ కప్పు ఒక క్షణం ఆగింది. "ఎవరి వెనకాలైనా లోపలికి వచ్చి ఉండొచ్చు."

"అయితే చూశారు. అందులో ఆమె లేదు."

"అయిదింటి దాకా మీ ఇష్టం," అన్నాడు విసుగ్గా. "తర్వాత నా రిపోర్టు వెళ్ళిపోతుంది."

లోపలికి వెళ్ళే దారిలో ఎగ్జిబిషన్ బోర్డులు వరసగా ఉన్నాయి. మొదటిదాని ముందు ఆగి చదివాను. 'ఈ మఠంలో 1525 దాకా కొత్త అంకెల్ని ఎవరూ ముట్టుకోలేదు. చుట్టూ లోకం మారిపోతున్నా ఇక్కడ మధ్యయుగం ఇంకో నలభై ఏళ్ళు బతికింది.' కింద పేరు: మార్తా హోల్‌గ్రెన్, అరుదైన గ్రంథాల విభాగం డైరెక్టర్. పక్కనే అద్దాల పెట్టెలో ఇదే వాదనతో ఆమె ముప్పై ఏళ్ళ క్రితం రాసిన లావుపాటి పుస్తకం, దానికి వచ్చిన బహుమతి పతకం.

రెండోసారి చదివాను. 1525. సంహిత చెప్పిన లెక్క 1487 నాటిది.

మార్తా స్వయంగా నన్ను పాత పుస్తకాలు భద్రపరిచే గదిలోకి తీసుకెళ్ళింది. అరవై దాటిన మనిషి, సన్నగా, నెమ్మదిగా, మర్యాదగా ఉంది. పుస్తకాన్ని మెత్తటి దిండు మీద పెట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు తెరిచింది. శ్యామ్‌సుందర్ నా పక్కనే నిలబడ్డాడు.

"ఈ పని ఆ అమ్మాయి చేసిందంటే నమ్మబుద్ధి కావడం లేదు," అంది మార్తా. "చాలా చురుకైన పిల్ల. సంతకం చేసేస్తే తేలికగా పోయేలా నేను చూస్తానని చెప్పాను."

నలభై ఒకటో కాగితం. శ్యామ్‌సుందర్‌ని ఒక్క విషయంలో మెచ్చుకోక తప్పదు. నకలు పనితనం చాలా బాగుంది, మామూలు కళ్ళకి దొరికేది కాదు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే పక్క కాగితాల్లో వాటిని చేసిన జల్లెడ తీగల గీతలు కనిపిస్తున్నాయి, ఇందులో లేవు. అది చూసే అతను పట్టుకున్నాడు.

నేను చూసింది వేరు. పట్టికలన్నీ ఉన్నాయి. పక్కన వెడల్పాటి ఖాళీ ఉంది. ఆ ఖాళీలో లెక్క లేదు. రోమన్ అంకెలు లేవు, మన అంకెలు లేవు, లాటిన్ మాట లేదు. శుభ్రంగా, గోధుమరంగులో, ఖాళీ.

కింది మూలలో మాత్రం ఆవగింజంత ఎర్రటి చుక్క ఉంది.

భూతద్దం తీసి వంగాను. చుక్క లోపల చిన్న చిన్న రంగు బిందువులు, పసుపువీ గులాబీవీ, వరసలు కట్టి ఉన్నాయి. అది ప్రింటర్ వేసిన చుక్క. పొడి కాదు, పూత కాదు. గుండె దడదడలాడింది. ఆరు నెలల పాటు దొంగ వీలునామా మీద కూర్చుని చివరికి సరైన గీత దొరికినప్పుడు ఉండే దడ అది.

"ఈ ఎర్ర చుక్క ఏమిటండీ?" అని మార్తాని మామూలుగా అడిగాను.

"అప్పట్లో అచ్చయ్యాక పెద్దక్షరాల్ని ఎరుపుతో చేత్తో దిద్దేవారు. కుంచె తుంపర అయివుంటుంది."

"ఈ కాగితానికి ప్రత్యేకత ఏమైనా ఉందా? దొంగ దీన్నే ఎందుకు ఎంచుకున్నాడు?"

"ఏమీ లేదు. మిగతా వాటిలాంటిదే. పట్టికలు, ఖాళీ మార్జిన్."

"అసలు కాగితాన్ని మీరు ఈమధ్య చూశారా?"

"ఏళ్ళయింది," అంది. ఏ తొట్రుపాటూ లేదు.

గది రిజిస్టర్ అడిగాను. బుధవారం నాలుగూ నలభైకి సంహిత పుస్తకం అప్పగించింది. గురువారం పదింపావు నుంచి పదకొండూ యాభై దాకా మార్తా, ఎగ్జిబిషన్ పని. శనివారం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మార్తా, ఎగ్జిబిషన్ పని. సోమవారం తొమ్మిదీ అయిదుకి మార్తాతో శ్యామ్‌సుందర్. ఇంకో పేరు లేదు.

"శ్యామ్‌సుందర్ గారూ, మీతో ఒక్క మాట," అన్నాను తెలుగులో.

"ఇంగ్లిష్‌లో మాట్లాడదాం, ప్లీజ్," అన్నాడు అతను. "ఆన్ రికార్డ్."

"రికార్డుకి తర్వాత ఎక్కిద్దాం. ముందు బయటికి రండి."

వరండా చివర, ఎవరూ వినని చోట నిలబడ్డాం. టైము మూడున్నర. కుంకుమ సంగతి చెప్పాను. అతను పెద్దగా నవ్వాడు.

"ఇన్‌కునాబులాకి, అయిదు వందల ఏళ్ళ నాటి అచ్చుపుస్తకానికి, బొట్టు పెట్టిందా? వావ్."

"మీ ఇంట్లో పిల్లల కొత్త పుస్తకాలకి ఎవరూ పెట్టరా?"

"మా అమ్మ పెడుతుంది," అన్నాడు, నవ్వు తగ్గించి.

"మరి నిన్న ఆ చుక్క చూసి మీకు ఏమీ అనిపించలేదా? మనింటి దేవుడి గూట్లో రోజూ కనబడే రంగు అది."

అతను టై సర్దుకున్నాడు. నేను వదలలేదు.

"స్కాన్ మూడూ అయిదుకి అయింది. బొట్టు పెట్టింది నాలుగూ ముప్పై ఒకటికి. నకలులో బొట్టు ఉంది. అంటే ఆ నకలు సంహిత స్కాన్‌లోంచి పుట్టలేదు. నాలుగూ ముప్పై ఒకటి తర్వాత ఎవరో ఆ కాగితాన్ని మళ్ళీ ఫోటో తీశారు. కుంచె తుంపర అనుకుని బొట్టుని అలాగే ఉంచి, లెక్కని మాత్రం చెరిపేసి ప్రింట్ తీశారు. మనవాళ్ళెవరైనా చేసుంటే ముందు ఆ బొట్టునే చెరిపేవాళ్ళు."

"లెక్క ఏమిటి?"

చెప్పాను. బోర్డు మీద రాసింది కూడా చెప్పాను. కాసేపు గోడ వైపు చూశాడు. సూటు వేసుకున్నా లోపల డిటెక్టివ్ ఉన్నాడు, ఆ బుర్ర తిరగడం నాకు కనిపించింది.

"ఆవిడ ఈ లైబ్రరీ డైరెక్టరండి. సొంత పుస్తకాన్ని సొంతంగా కోసుకుంటుందా?"

"ముప్పై ఏళ్ళ పేరు ఆ ఖాళీ మార్జిన్ మీద నిలబడి ఉంటే?"

"థియరీ బాగుంది. ప్రూఫ్ ఏదీ? బొట్టు పెట్టానన్నది ఆ అమ్మాయి మాట. లెక్క ఉందన్నదీ ఆ అమ్మాయి మాటే. స్కాన్ లేదు, ఒరిజినల్ లేదు. తనే చుక్క కలిపి ప్రింట్ తీసిందని నేనంటే మీరేం చేస్తారు?"

నిజమే. నాకు కోపం వచ్చింది, కానీ అతని మీద కాదు. అసలు కాగితం దొరకాలి. దాని మీద కుంకుమ పొడి, దాని పక్కన లెక్క. అది దొరికితే సంహిత బయటపడుతుంది. దొరక్కపోతే ఎంత తెలివిగా వాదించినా రేపు ఆ పిల్ల ఇంటికి టిక్కెట్టు కొనుక్కోవాలి.

"వీడియో ఇంకోసారి చూడండి," అన్నాను. "చివరి నాలుగు సెకన్లు. ఆ చెయ్యి ముందు పుస్తకాన్ని తాకుతుంది, తర్వాత ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. దొంగలు కోసిన కాగితాన్ని కళ్ళకద్దుకోరు."

అతను వెళ్ళి చూశాడు. ఇరవై నిమిషాల తర్వాత తిరిగొచ్చి, "అయిదింటికి పోలీసుల్ని పిలవను," అన్నాడు. "కానీ సంతకం కాగితం మార్తా రెడీ చేసేసింది. యూనివర్సిటీ వాళ్ళది. దాన్ని నేను ఆపలేను. మీ అమ్మాయిని మీరే ఆపుకోండి."

*

నాలుగూ నలభై రెండు. మీటింగ్ రూమ్‌లో నలుగురం కూర్చున్నాం. మార్తా ఒప్పుకోలు పత్రాన్ని సంహిత ముందు పెట్టి, దాని మీద పెన్ను పెట్టింది. తన చెయ్యి పిల్ల భుజం మీద వేసి, మెల్లగా, దయగా మాట్లాడింది. అంతా తొందరగా అయిపోతుందంది. యూనివర్సిటీకి తను స్వయంగా ఉత్తరం రాస్తానంది. అలాంటి దయ ముందు నేనైనా కరిగేదాన్నేమో.

సంహిత పెన్ను తీసుకుంది.

"ఆగు," అన్నాను తెలుగులో. "నేనడిగినవాటికి జవాబు చెప్పి, తర్వాత నీ ఇష్టం."

మార్తా మర్యాదగా నవ్వి, కుర్చీలో కూర్చుని తన ఫైల్ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. తెలుగు ఆమెకి ఒక్క ముక్క రాదు. శ్యామ్‌సుందర్ ఈసారి ఇంగ్లిష్ అనలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మనవాళ్ళందరికీ ఉన్న జబ్బే నాకూ ఉంది. షాపుల్లో, లిఫ్టుల్లో, ఆసుపత్రుల్లో పక్కవాళ్ళ గురించి పక్కనే నిలబడి ధైర్యంగా మాట్లాడేసుకుంటాం, వాళ్ళకి మన భాష తెలియదన్న ధీమాతో. పన్నెండేళ్ళ ఫోరెన్సిక్, తొమ్మిదేళ్ళ డిటెక్టివ్ పని, ఇంత అనుభవమూ ఆ క్షణంలో ఆ ధీమా ముందు పనికిరాలేదు.

"ఆ లెక్క ఎవరికైనా చూపించావా, బుధవారం?"

"చూపించిన ఆంటీ. మేడమ్‌కే. స్కాన్ కాంగనే పుస్తకం పట్కొని మేడమ్ రూమ్‌కి ఉరికిన. మా దేశపు అంకెలు మేడమ్ అని చూపించిన. ఎంత మురిసిందో. గట్టిగ పట్టుకున్నది నన్ను."

శ్యామ్‌సుందర్ చూపు నా మీదికి వచ్చి ఆగింది. అసలు కాగితం చూసి ఏళ్ళయిందని గంట క్రితం మా ఇద్దరి ముందే మార్తా చెప్పింది. అతను గొంతు ఏ మాత్రం మార్చకుండా, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు, "మొహం మామూలుగా పెట్టండి ప్రసూన గారూ, చూస్తోంది," అన్నాడు. మార్తా ముందు అతను తెలుగులో అన్న మొదటి మాట అదే.

"సంహితా, కుంకుమ సంగతి నాకంటే ముందు ఇంకెవరికైనా చెప్పావా?" అని అడిగాను.

కాగితాలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

మార్తా చేతులు ఫైల్ మీద అలాగే ఉండిపోయాయి. తల ఎత్తలేదు. మూడు సెకన్లు. తర్వాత పెన్నుకి మూత పెట్టి, లేచి, "క్షమించండి, ఒక్క నిమిషంలో వస్తాను," అని ఇంగ్లిష్‌లో చెప్పి బయటికి నడిచింది. వాకిలి దాటేదాకా నెమ్మదిగానే నడిచింది. తర్వాత అడుగుల చప్పుడు వేగం పెరిగింది.

"ఆమెకి తెలుగు రాదు కదా!" అన్నాడు శ్యామ్‌సుందర్.

"రాదు," అంది సంహిత, తెల్లబోయి. "కని కుంకుమ అంటె తెల్సు. సోమవారం ఏడ్చుకుంట మేడమ్‌కి చెప్పిన నేను. మూలకు ఎర్ర చుక్క నాదే మేడమ్, కుంకుమ మేడమ్ అని. ఆ మాట మళ్ళమళ్ళ అడిగి నేర్చుకున్నది. తర్వాత లేచి తలుపు మూసింది. ఎవ్వరికి చెప్పొద్దు, చెప్తే నిన్ను ఇండియాకు పంపిస్తరు, నోరు మూసుకొని సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంట అన్నది."

ఇంకేం కావాలి? బొట్టు నకలులోకి ఎక్కిపోయిందని సోమవారమే తెలిసిపోయింది ఆ మనిషికి. అందుకే పిల్ల నోరు కుట్టేసింది. అసలు కాగితాన్ని ఈ నాలుగు రోజులూ పారేయలేక ఎక్కడో దాచుకుని ఉంటుంది. ఇప్పుడు నా నోటి తొందర వల్ల దాన్ని నాశనం చెయ్యక తప్పని స్థితి వచ్చింది.

"రిపేర్ రూమ్!" అని అరిచింది సంహిత. "పాత కాగితాలు కడిగే రూమ్ ఉంటది, పక్కనే. అండ్ల డ్రాయర్లకు మేడమ్ దగ్గరనే తాళాలు."

ముగ్గురం పరుగెత్తాం. నా మోకాళ్ళ సంగతి నాకే గుర్తురాలేదు. ఆ గది తలుపుకి నిలువుగా గాజు పలక ఉంది. లోపల దీపం వెలుగుతోంది. సంహిత కార్డు సోమవారమే ఆపేశారు. శ్యామ్‌సుందర్ తన కార్డు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. మార్తా లోపల్నుంచి గడియ వేసేసింది.

గాజులోంచి అంతా కనిపిస్తోంది. వెడల్పాటి తెల్లటి తొట్టెలో ఆమె పెద్ద సీసాలోంచి మందు పోస్తోంది. కాగితాల మీద మరకలు పోగొట్టే మందు. పాత సిరాని కూడా పోగొడుతుంది. బల్ల మీద గోధుమరంగు అట్ట ఫైల్ తెరిచి ఉంది. అన్నిటికంటే పైన ఒక కాగితం. అంత దూరం నుంచి కూడా కింది మూలలో ఎర్రటి చుక్క నాకు కనిపించింది. పక్కన వంకర టింకర చేతిరాత, నాలుగు పొట్టి వరసలు.

ఆమె దాన్ని తీసుకునేసరికి ఫైల్ పక్కకి జరిగి, లోపలివి బల్లంతా పరుచుకున్నాయి. అన్నీ పాతకాలపు కాగితాలే. అన్నిటికీ ఒక పక్క అంచు బ్లేడుతో కోసినట్టు తిన్నగా ఉంది. మార్జిన్లలో అంకెలు. మన అంకెలు.

"ఎయిట్... నైన్," శ్యామ్‌సుందర్ గాజుకి మొహం ఆనించి లెక్కపెట్టాడు. "ఓ మై గాడ్. ఇవన్నీ ఏ పుస్తకాల్లోవి?"

ఆ మఠంలో ఎవరికీ కొత్త అంకెలు రావని మార్తా కనిపెట్టింది కాదు. వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే కోసి ఈ ఫైల్‌లో పెట్టింది. ముప్పై ఏళ్ళుగా పతకాలు తెచ్చిపెట్టిన ఖాళీ మార్జిన్లు ఎలా ఖాళీ అయ్యాయో నాకు అప్పుడు అర్థమైంది. అయినా ఒక్కదాన్నీ తగలబెట్టలేకపోయింది. పుస్తకాల మనిషి కదా. ఇవాళ ఆ మొహమాటం కూడా తీరిపోయినట్టుంది.

ఆమె కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని తొట్టె మీదికి వంగింది.

సంహిత రెండు అరచేతులూ గాజుకి ఆనించి ఇంగ్లిష్‌లో కేక వేసింది. "మేడమ్! సంతకం పెడతాను! నేనే కోశానని రాసిస్తాను, పోలీసులకి చెప్తాను, ఇంటికి వెళ్ళిపోతాను. ఆ కాగితం తడపొద్దు మేడమ్. ఆయన అంత కష్టపడి చేసుకున్న లెక్క అది. ప్లీజ్!"

మధ్యాహ్నం నుంచీ ఏ సంతకం పెట్టనివ్వకూడదని నేను కొట్టుకుంటున్నానో ఆ సంతకం. తన చదువూ, వీసా, పేరూ అన్నీ కలిపి ఎప్పుడో చనిపోయిన ఒక సన్యాసి నాలుగు వరసల కోసం గాజు అవతలికి చాపింది ఆ పిల్ల.

మార్తా తలెత్తి చూసింది. చేతులు ఆగాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది నేను కాదనను. కానీ కాగితం కింద అంచు ఇంకా కిందికి దిగుతూనే ఉంది. మందుకి అంగుళం దూరం.

"సంతకం పెట్టేది నువ్వు కాదు," అని సంహితని పక్కకి లాగి, గోడ పక్కనున్న ఇనుప స్టూలు ఎత్తి నా బలమంతా పెట్టి గాజు మీద కొట్టాను. బీటలు వారింది గానీ పగల్లేదు.

రెండో దెబ్బ శ్యామ్‌సుందర్ కొట్టాడు. గాజు జలజలా రాలింది, ఉలిక్కిపడ్డ మార్తా చేతుల్లోంచి కాగితం తొట్టెలో కాకుండా బల్ల మీద పడింది, పొడిగా.